రీఫ్ మీద వీడియో నేర్చుకునేవారికి గోప్రో హీరో 12 బ్లాక్: హౌసింగ్, ట్రే, ఫిల్టర్, లైట్లతో కలిపి సమీక్ష

స్కూబా డైవింగ్ వచ్చింది, ఇక పగడపు దిబ్బల మీద వీడియో తీయడం నేర్చుకుందాం అనుకునేవాళ్ల చేతికి ముందుగా వచ్చే కెమెరాల్లో గోప్రో హీరో 12 బ్లాక్ ఒకటి. 2023 సెప్టెంబరులో మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాది హీరో 13 వచ్చినా, నీళ్లలో వీడియో నేర్చుకునేవారికి ఈ రెండింటి మధ్య పెద్ద తేడా ఏమీ లేదు. అందుకే ఈ సమీక్షలో హీరో 12నే తీసుకుని, దాని చుట్టూ కొనాల్సిన సరంజామా అంతటినీ కలిపి చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. నేర్చుకునేవారికి ఇది చాలా మంచి కెమెరా. కానీ ఒంటరిగా కొంటే నీళ్లలో సగం పని కూడా చేయదు. హౌసింగ్ (కెమెరాలోకి నీళ్లు రాకుండా మూసే పారదర్శక పెట్టె), కెమెరాను బిగించి పట్టుకునే రెండు పిడుల ట్రే, ఎర్ర ఫిల్టర్, ఈ మూడూ తోడైతేనే ఇది డైవింగ్ కెమెరా అవుతుంది. లైట్లు ఆ తర్వాతి మాట. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: కెమెరాతో పాటు ముందు లైట్లు, ఒక పొడవాటి సెల్ఫీ స్టిక్ కొంటారు, ట్రే గురించి ఆలోచించరు. ఫలితం, వెలుతురు బాగానే ఉండి చూస్తుంటే తల తిరిగే వీడియో.

ఈ కెమెరా నేర్చుకునేవారికి ఎందుకు బాగుంటుందంటే, ఇందులో ఫోకస్ అనే బెడద లేదు. లెన్సు ఫోకస్ ఒకేచోట స్థిరంగా ఉంటుంది. సుమారు 30 సెంటీమీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. ఆటోఫోకస్ కెమెరా అయితే నీళ్లలో తేలే నలకల్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ వేటాడుతుంటుంది, ఆ లోపల తాబేలు వెళ్లిపోతుంది. ఇక్కడ ఆ గొడవ లేదు కాబట్టి డైవర్ మనసు మూడు విషయాల మీద మాత్రమే పెట్టొచ్చు: ఒళ్లు నిలకడగా ఉందా, దగ్గరగా ఉన్నామా, వెలుతురు ఎటునుంచి వస్తోంది. మొదటి ఏడాదంతా నేర్చుకోవాల్సింది ఈ మూడే.

దీనికి మరో ముఖం కూడా ఉంది. 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి వెళ్తే బొమ్మ మసకబారుతుంది. వేలి గోరంత న్యూడిబ్రాంకును (పెంకు లేని రంగుల సముద్రపు నత్తను) తెర నిండా పట్టడం ఈ కెమెరాతో నేరుగా కుదరదు. +15 శక్తి గల మాక్రో లెన్సు హౌసింగ్ ముందు తగిలిస్తే జానెడు కన్నా తక్కువ దూరంలో పట్టొచ్చు గానీ, అప్పుడు స్పష్టంగా ఉండే మందం చాలా తక్కువ. ఒళ్లు కొంచెం ముందుకో వెనక్కో ఊగితే చాలు, ఆ జీవి మసకబారి వెనకాల ఇసుక స్పష్టమవుతుంది. చిన్న జీవులే మీకు ప్రాణమైతే, 1 సెంటీమీటరు దూరం నుంచి ఫోకస్ చేయగల ఓఎమ్ సిస్టమ్ టీజీ-7 వైపు చూడండి. అది ఒట్టిగా 15 మీటర్ల దాకా, తన పీటీ-059 హౌసింగులో 45 మీటర్ల దాకా తట్టుకుంటుంది. పెద్ద చేపలు, దిబ్బ మొత్తం కనిపించే దృశ్యాలు, తోటి డైవర్లు కావాలంటే మాత్రం గోప్రోదే పైచేయి.

హౌసింగ్ లేకుండా దిగకండి

హీరో 12 ఒట్టి ఒంటితో 10 మీటర్ల లోతు వరకు నీళ్లను తట్టుకుంటుందని కంపెనీ చెబుతుంది. స్నార్కెలింగుకు అది చాలు. స్కూబాకు చాలదు. ప్రతి 10 మీటర్లకూ నీటి ఒత్తిడి ఒక బార్ చొప్పున పెరుగుతుంది, 18 మీటర్ల దగ్గర మొత్తం ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి 2.8 రెట్లు. ఒట్టి కెమెరాలో ఆ ఒత్తిడికి అడ్డంగా ఉన్నది ముఖ్యంగా బ్యాటరీ తలుపు చుట్టూ ఉన్న సన్నటి రబ్బరే. కంపెనీ అమ్మే ప్రొటెక్టివ్ హౌసింగ్ 60 మీటర్ల దాకా పనికొస్తుంది, హీరో 9 నుంచి 13 బ్లాక్ వరకు ఒకటే సరిపోతుంది కూడా. వినోదం కోసం చేసే డైవింగులో 40 మీటర్లు దాటరు కాబట్టి ఇది కావలసినంత.

హౌసింగ్ లోపల టచ్ స్క్రీన్ పనిచేయదు. షటర్, మోడ్, ఈ రెండు బటన్లతోనే అన్నీ నడిపించుకోవాలి. మోడ్ బటన్ నొక్కి పట్టుకుని షటర్ నొక్కితే సెట్టింగుల మెనూ వస్తుంది, ఆ తర్వాత మోడ్‌తో ముందుకు జరుగుతూ షటర్‌తో మార్చుకోవచ్చు. దీన్ని ఒడ్డు మీదే, చేతికి గ్లవ్స్ తొడుక్కుని మరీ, చూడకుండా చేయగలిగేదాకా అలవాటు చేసుకోవాలి. 15 మీటర్ల లోతులో మెనూ వెతుక్కుంటూ ఉంటే లోతు, గాలి రెండూ మర్చిపోతారు. క్విక్‌క్యాప్చర్ ఆన్ చేసి పెట్టుకుంటే ఒక్క నొక్కుతో కెమెరా లేచి రికార్డింగ్ మొదలుపెడుతుంది, మరో నొక్కుతో ఆపి ఆరిపోతుంది. బ్యాటరీ మిగులుతుంది, మెనూల అవసరమూ తగ్గుతుంది.

హౌసింగ్ వెనక తలుపు చుట్టూ చదునైన సిలికాన్ సీల్ ఉంటుంది. నీళ్లు కారడానికి కారణం దాదాపు ఎప్పుడూ హౌసింగ్ పగలడం కాదు, ఆ సీల్ మీద పడిన ఒక వెంట్రుకో, తువ్వాలు నూలుపోగో, ఇసుక రేణువో. తలుపు మూసే ముందు సీల్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వంచుతూ చుట్టూ చూడాలి, ఆ తర్వాత శుభ్రమైన వేలితో ఒకసారి చుట్టూ తడమాలి. కంటికి కనపడని ఇసుక రేణువు వేలికి గరుకుగా తగులుతుంది. ఈ రకం సీల్‌కు గ్రీజు అక్కర్లేదు, రాస్తే దుమ్ము అంటుకుంటుంది. గొళ్లెం బిగించాక తలుపు అంచులో ఎక్కడా దారం నలిగి బయటికి కనపడకూడదు. ఫాగ్ (అద్దం మీద లోపలి ఆవిరి) రాకుండా పెట్టే పట్టీ మూల నలిగినా అంతే, నీళ్లకు దారి దొరికినట్టే.

కొత్త హౌసింగును మొదటి డైవ్‌కు కెమెరా లేకుండా, లోపల మడిచిన టిష్యూ కాగితం పెట్టి తీసుకెళ్లండి. పైకి వచ్చాక కాగితం పొడిగా ఉంటే సరి. ఖాళీ హౌసింగ్ పైకి తేలుతుంది కాబట్టి దాన్ని బీసీడీకి (గాలి నింపి తేలుడు సర్దుకునే డైవింగ్ జాకెట్‌కు) క్లిప్ చేసుకోవాలి. విడిచిపెట్టేస్తే నేరుగా ఉపరితలానికి వెళ్లిపోతుంది.

ఫాగ్ విషయానికి వస్తే, దానికి కారణం నీళ్లు లోపలికి రావడం కాదు. కెమెరా పనిచేస్తూ వేడెక్కుతుంది, హౌసింగ్ అద్దం సముద్రపు నీటితో చల్లబడుతుంది. పడవ మీద తేమ గాలిలో మూసిన హౌసింగ్ అయితే ఆ గాలిలోని తేమంతా చల్లటి అద్దం మీదికి చేరుతుంది. అందుకని కెమెరాను ముందురోజు రాత్రే ఏసీ గదిలో, పొడి గాలిలో హౌసింగులో పెట్టి మూసేయాలి. తేమ పీల్చే పట్టీలు రెండు కెమెరా కింద, సీల్‌కు తగలకుండా పెట్టాలి. మూసిన హౌసింగును పడవలో ఎండకు వదిలేయకూడదు, తడి గుడ్డ కప్పి నీడలో ఉంచాలి. 5.3కే లో తీస్తే కెమెరా ఎక్కువ వేడెక్కి ఫాగ్ కూడా ఎక్కువ పడుతుంది. కింద సెట్టింగుల్లో 4కే, 30 ఫ్రేములు వాడమనడానికి ఇది కూడా ఒక కారణం.

సెట్టింగులు

ఇందులో చాలా ఉన్నాయి, కావలసినవి కొన్నే. ముందు ఈజీ కంట్రోల్స్ తీసేసి ప్రో కంట్రోల్స్‌లోకి వెళ్లండి, లేకపోతే అసలైన మీటలు కనపడవు.

4కే, సెకనుకు 30 ఫ్రేములు. తాబేలు రెక్కలు, మాంటా రే తిరుగుళ్లు నెమ్మదిగా చూపించాలంటే 60. 60లో షటర్ వేగం కనీసం 1/60 సెకను ఉండాలి కాబట్టి వెలుతురు తక్కువైతే బొమ్మలో రవ్వ (గరుకైన చుక్కలు, అంటే నాయిస్) పెరుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ 30కి దిగిపోవడం మేలు. లెన్సు వైడ్‌లో ఉంచండి. చదునైన అద్దం వెనక నుంచి నీళ్లలోకి చూస్తే కాంతి వంగి వస్తువులు మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనిపిస్తాయి, దృశ్యం వెడల్పు తగ్గిపోతుంది. నేల మీద వైడ్‌లో అంచులు విల్లులా వంగి కనిపిస్తాయి కదా, నీళ్లలో ఆ వంపు చాలావరకు పోతుంది. నీళ్లలో లీనియర్ (అంచుల వంపు సరిచేసే లెన్సు ఎంపిక) పెడితే ఇరుకైపోయి, దిబ్బ మొత్తం పట్టాలంటే వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. వెనక్కి వెళ్తే మధ్యలో నీళ్లు పెరుగుతాయి, రంగు పోతుంది.

ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) కనిష్ఠం 100, గరిష్ఠం 800. దీన్ని 1600కు వదిలితే 20 మీటర్ల దగ్గర నీలి నీళ్లలో రవ్వ చీమల బారులా కదులుతుంది. షార్ప్‌నెస్ ‘లో’, అంటే తక్కువ. ఇది తప్పనిసరి, ఎందుకంటే హైలో పెడితే నీళ్లలోని ప్రతి నలకకూ ఒక గీత గీసి చూపిస్తుంది. ఎక్స్‌పోజర్ -0.5. తెల్ల ఇసుక, వెండి చేపలు, ఉపరితలంపై ఎండ, ఇవన్నీ ఒకసారి తెల్లబారితే ఎడిటింగులో తిరిగి రావు. బిట్ రేట్ హై, 10-బిట్ ఆన్. రంగు నాచురల్. జీపీ-లాగ్ (రంగులు తర్వాత ఎడిటింగులో దిద్దుకునేలా వెలిసినట్టు తీసే పద్ధతి) జోలికి మొదటి ఏడాది వెళ్లవద్దు, నీళ్లలో రంగు సరిచేయడమే పెద్ద పని, దాని మీద లాగ్ కూడా పెడితే రెండూ చెడతాయి. స్క్రీన్ దిశ లాక్ చేయండి, లేదంటే తల కిందకి వంచి దిగేటప్పుడు వీడియో తిరగబడుతుంది.

బిట్ రేట్ గరిష్ఠం సెకనుకు 120 మెగాబిట్లు, అంటే 15 మెగాబైట్లు. పది నిమిషాలకు 9 జీబీ, గంటకు 54 జీబీ. 128 జీబీ కార్డు రోజుకు మూడు డైవ్‌లకు ధారాళంగా సరిపోతుంది, ఎందుకంటే డైవ్ మొత్తం రికార్డు చేయకూడదు. కార్డు వీ30 లేదా అంతకంటే వేగంగా ఉండాలి. తక్కువ వేగం కార్డు పెడితే రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంది, నీళ్లలో ఆ సంగతి గమనించడం కష్టం. హీరో 12లో జీపీఎస్ తీసేశారని కొందరు ఇంకా బాధపడుతుంటారు. నీళ్ల కింద జీపీఎస్ సంకేతం అందదు కాబట్టి డైవర్‌కు ఆ నష్టం లేదు. వాయిస్ కంట్రోల్, వైఫై కూడా నీళ్లలో దండగే, ఆపేయండి.

హైపర్‌స్మూత్ గురించి ఒక మాట. ఇది చేతి వణుకును అద్భుతంగా తీసేస్తుంది, ఈ కెమెరాలో అన్నింటికన్నా మెచ్చుకోదగ్గది ఇదే. అయితే చీకటిగా ఉన్నచోట షటర్ 1/30కి పడిపోతుంది. అప్పుడు ఒక్కో ఫ్రేములోనే బొమ్మ చెదిరి ఉంటుంది. స్టెబిలైజేషన్ ఫ్రేములను వరసలో పెట్టగలదు, చెదిరినదాన్ని అతకలేదు. గుహల్లో, ఓవర్‌హ్యాంగ్‌ల (ముందుకు పొడుచుకొచ్చిన బండల) కింద తీసిన వీడియో నిలకడగా ఉండీ వణుకుతున్నట్టు కనిపించేది అందుకే.

వైట్ బ్యాలెన్స్ దీని బలహీనత. టీజీ-7 లాంటి కెమెరాల్లో ఒక తెల్ల పలకను చూపించి, ఇదే తెలుపు అని కెమెరాకు నేర్పవచ్చు. హీరో 12లో ఆ సదుపాయం లేదు, ఆటో గానీ, కెల్విన్ సంఖ్యలు గానీ, నేటివ్ గానీ ఎంచుకోవాలి. ఫిల్టరుతో ఆటో బాగా పనిచేస్తుంది. లైట్లు వేస్తే 5500కే స్థిరంగా పెట్టాలి, లేకపోతే లైటు వెలుగులోకి చేప వచ్చిన ప్రతిసారీ నీళ్ల రంగు మారిపోతూ ఉంటుంది. ఈ లోటును కొంత పూడ్చడానికి ఒక అలవాటు ఉంది: లోతు మారిన ప్రతిసారీ డైవింగ్ స్లేట్ (నీళ్లలో రాసుకునే పలక) తెల్లటి ముఖాన్ని రెండు సెకన్లు వీడియో తీయండి. ఎడిటింగులో ఆ తెలుపు మీద రంగు సరిచేసి, అదే సవరణను ఆ లోతులో తీసిన క్లిప్పులన్నింటికీ అంటించవచ్చు.

ట్రే

రెండు పిడులున్న, 25 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు గల అల్యూమినియం ట్రే ఈ కిట్‌లో రెండో ముఖ్యమైన వస్తువు. కెమెరా ఇటుక ముక్కంత కూడా ఉండదు, ఒంటి చేత్తో పట్టుకుంటే మణికట్టు తిరిగిన ప్రతిసారీ క్షితిజం ఒరిగిపోతుంది. రెండు చేతులతో, మోచేతులు పక్కటెముకలకు ఆనించి పట్టుకుంటే ఒళ్లూ కెమెరా ఒకటవుతాయి. తర్వాత లైట్లు తగిలించడానికి పిడుల పైన బాల్ మౌంట్లు ఉన్న ట్రేనే కొనండి.

కెమెరాను ట్రేకు బిగించే ప్లాస్టిక్ మర చేత్తో బిగిస్తే సరిపోయినట్టే ఉంటుంది, రెండో డైవ్‌కల్లా వదులై కెమెరా నేలచూపులు చూస్తుంది. లోహపు మర వేసి, చిన్న రెంచీతో బిగించండి. ట్రే నుంచి చుట్టల తాడు, దాని చివర బోల్ట్ స్నాప్ (లోహపు కొక్కెం), అది బీసీడీ డీ-రింగుకు. రెండు చేతులూ కావాల్సిన అవసరం ఎప్పుడైనా పడొచ్చు: మాస్కులో నీళ్లు, బడ్డీ (జతగా దిగిన డైవర్) దగ్గర గాలి అయిపోవడం. అప్పుడు కెమెరాను ఆలోచించకుండా వదిలేయగలగాలి.

సెల్ఫీ స్టిక్ వద్దని గట్టిగా చెప్పడానికి కారణం వణుకు ఒక్కటే కాదు. పొడుగాటి కర్ర చేతిలో ఉంటే దాన్ని పగడాల సందుల్లోకి దూర్చాలనిపిస్తుంది. బండలా పెరిగే పగడాలు ఏడాదికి 0.3 నుంచి 2 సెంటీమీటర్లే పెరుగుతాయి. కర్ర కొన తగిలి విరిగిన పిడికెడు ముక్క మళ్లీ రావడానికి ఎన్ని ఏళ్లో లెక్క వేసుకోండి.

ఫిల్టర్: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

నీళ్లు ముందుగా ఎరుపును మింగేస్తాయి. 5 మీటర్లకే చాలావరకు పోతుంది, ఆ వెనక నారింజ, తర్వాత పసుపు. ఇక్కడ కొత్తవాళ్లు మర్చిపోయే లెక్క ఒకటుంది: లోతు ఒక్కటే కాదు, చేపకూ కెమెరాకూ మధ్య దూరం కూడా ఇందులో కలుస్తుంది. 8 మీటర్ల లోతులో 4 మీటర్ల దూరాన ఉన్న చేప నుంచి వచ్చే వెలుతురు మొత్తం 12 మీటర్ల నీళ్లు దాటి వస్తుంది. అదే చేప దగ్గరికి ఒక మీటరు దాకా వెళ్తే 9 మీటర్లే. ఏ కెమెరా కొన్నా ఈ 3 మీటర్లను డబ్బుతో కొనలేరు.

ఎర్ర ఫిల్టర్ ఎరుపును పుట్టించదు, నీలాన్ని, ఆకుపచ్చను తగ్గించి మిగిలిన కొంచెం ఎరుపుకు చోటిస్తుంది. కాబట్టి దాని రాజ్యం 5 నుంచి 15 మీటర్ల దాకా, నీళ్లు తేటగా ఉంటే 18, 20 దాకా. అంతకన్నా లోతులో మిగిలిన ఎరుపే ఉండదు, ఫిల్టర్ ఉత్త నల్ల కళ్లద్దంలా పనిచేస్తుంది. ఉపరితలానికి దగ్గరగా, 3 మీటర్లలో, అందరూ ఇటుకరంగులోకి మారిపోతారు. సగం వెలుతురునో అంతకన్నా ఎక్కువనో ఫిల్టరే తినేస్తుంది కాబట్టి మబ్బు రోజున దాన్ని తీసి జేబులో వేసుకోవడమే మంచిది. నీళ్లు నీలంగా ఉంటే ఎరుపు, ఆకుపచ్చగా ఉంటే మజెంటా ఫిల్టర్. సూర్యుడు వెనక ఉండాలి. ఎదురెండలో ఫిల్టరుతో తీసిన వీడియో మురికి నీళ్లలో తీసినట్టు ఉంటుంది. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 మధ్య ఎండ నిట్టనిలువుగా దిగుతుంది, రంగులకు అదే మంచి వేళ.

నొక్కి తగిలించే ఫిల్టర్ అయితే నీళ్లలోకి దిగగానే దాన్ని ఒకసారి తీసి, అద్దాన్ని, ఫిల్టర్ లోపలి వైపును వేలితో రుద్ది మళ్లీ పెట్టండి. హౌసింగుకూ ఫిల్టరుకూ మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి. వెనక తెర మీద ఆవగింజంత కూడా కనపడవు. ఇంటికొచ్చి పెద్ద తెర మీద పెడితే ప్రతి క్లిప్పులోనూ అదే మూలన ఒక వెండి మచ్చ నిలబడి ఉంటుంది. ఫిల్టరుకు దారం కట్టుకోవడం మర్చిపోకండి.

లైట్లు

ఫిల్టర్ దాటలేని లోతులో, ఓవర్‌హ్యాంగ్‌ల కింద, రాత్రి డైవ్‌లలో లైట్లదే రాజ్యం. కొనేటప్పుడు ల్యూమెన్ల సంఖ్య ఒక్కటే చూడకండి. 100 నుంచి 120 డిగ్రీల వెడల్పున సమంగా పరుచుకునే వెలుగు కావాలి, మధ్యలో చుక్కలా పడే టార్చి వెలుగు కాదు. సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సూచిక) 90 దాటి ఉంటే రంగులు నిజంగా కనిపిస్తాయి. రెండు లైట్లు, ఒక్కోటి 2000 ల్యూమెన్లకు తగ్గకుండా ఉంటే మొదలుపెట్టడానికి చాలు. ఫిల్టర్ మాత్రం తీసేయాలి. ఫిల్టరుతో లైట్లు వేస్తే ముందున్న పగడం రక్తం పూసినట్టు ఎర్రబారుతుంది.

ఇవి ఎంత దూరం అందుతాయి? మీటరు, మహా అయితే మీటరున్నర. అర మీటరు నుంచి మీటరుకు వెళ్తే వెలుగు నాలుగోవంతుకు పడిపోతుంది, దాని మీద నీళ్లు తమ వంతు ఎరుపును పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లు మింగుతాయి. పట్టపగలు 6 మీటర్ల లోతులో ఎండతో పోటీ పడేంత వెలుగు ఈ లైట్లకు లేదు. లైట్లను ముందుగా కొనవద్దనడానికి ఇదే కారణం.

బ్యాక్‌స్కాటర్, అంటే వీడియో నిండా మంచు కురిసినట్టు తెల్ల చుక్కలు. లైట్లు లెన్సుకు ఆనుకుని ఉండి నేరుగా ముందుకు చూస్తే లెన్సు ముందున్న నీళ్లలోని ప్రతి రేణువూ వెలిగిపోతుంది. లైట్లను ట్రేకు కలిపే ఆర్మ్‌లను పక్కలకు బాగా చాపి, లైట్లను కెమెరా కన్నా కాస్త వెనక్కి లాగి, కొంచెం బయటికి తిప్పండి. రెండు వెలుగుల లోపలి అంచులు చేప మీద మాత్రమే కలవాలి, లెన్సుకు చేపకు మధ్య ఉన్న నీళ్ల మీద కాదు. చేప మీద వెలుగు తగ్గిందనిపిస్తే లైట్లు లోపలికి తిప్పకండి, మీరే దగ్గరికి జరగండి. ట్రే, లైట్లు కలిసి నీళ్లలో బరువుగా కిందకి లాగుతాయి, ఆ ఆర్మ్‌లకు ఫోమ్ ఫ్లోట్లు తొడిగి దాదాపు సున్నా బరువుకు తెచ్చుకుంటే మణికట్టు బతుకుతుంది. ఈ సర్దుబాటు స్విమ్మింగ్ పూల్‌లో చేస్తే, ఉప్పునీళ్ల సాంద్రత రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి, సముద్రంలో ఇంకాస్త తేలుతుందని గుర్తుంచుకోండి.

అవసరం లేనప్పుడు లైట్లను ఫుల్ పవర్‌లో వదిలేయకండి. ముఖ్యంగా రాత్రి, నిద్రపోతున్న చిలక చేప కళ్ల మీద నిమిషాల తరబడి లైటు పెట్టడం తప్పు.

తీయడం ఎలా నేర్చుకోవాలి

ఈ కిట్ బాగుందో లేదో తేల్చేది చివరికి డైవర్ తేలుడే. మామూలు శ్వాసలో అర లీటరు గాలి లోపలికీ బయటికీ వెళ్తుంది, అంటే ప్రతి ఊపిరికీ అర కిలో తేలుడు పెరిగి తగ్గుతుంది. వీడియోలో దిబ్బ పైకీ కిందకీ ఊయలలూగేది అందుకే. మందు ఊపిరి బిగబట్టడం కాదు, స్కూబాలో అది ప్రమాదం, పైకి లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఊపిరి నెమ్మదిగా, ఒకే తీరుగా, ఆగకుండా తీసుకోవాలి. అది రానంతవరకు కెమెరాను ఒడ్డునే ఉంచడం పగడాలకూ మంచిది, వీడియోకూ మంచిది. మోకాళ్లు వంచి పక్కలకు తన్నే ఫ్రాగ్ కిక్ నేర్చుకోండి. పైకీ కిందకీ తన్నే కాళ్లు ఇసుక లేపుతాయి, ఆ ఇసుకే మీ తర్వాతి క్లిప్పులో బ్యాక్‌స్కాటర్.

మొదటి క్లిప్పుకు ఎనిమోన్‌లో (పువ్వులా ఊగే టెంటకిల్స్ ఉన్న సముద్ర జీవిలో) ఉన్న క్లౌన్ ఫిష్ అంత మంచి గురువు లేదు. అది ఎనిమోన్‌ను వదిలి దూరం పోదు, కాబట్టి తొందర లేదు. ముందు రెండు మీటర్ల దూరాన ఆగి, కింద ఏమి ఉందో, వెనక ఏమి ఉందో చూసుకోండి. ఎనిమోన్ కన్నా కాస్త కిందకి దిగి, కెమెరాను కొంచెం పైకి ఎత్తి పట్టండి. వెనక నేల బదులు నీలం వస్తుంది. రికార్డింగ్ మొదలుపెట్టి పది సెకన్లు కదలకండి. ఇది వెడల్పు దృశ్యం. ఆపి, మీటరు దగ్గరికి జరిగి మళ్లీ పది. ఇంకా దగ్గరగా, 40 సెంటీమీటర్లకు వచ్చి, అది మీవైపు ఎగిరి వచ్చి వెనక్కి తిరిగేదాకా ఆగండి. అది వస్తుంది, తన ఇంటిని కాపాడుకోవడానికి కెమెరా మీదికే వస్తుంది. అదేపనిగా వస్తుంటే, నోరు తెరిచి మూస్తూ ఉంటే ఇక చాలు, వెనక్కి రండి. మూడు దూరాలు, పదేసి సెకన్లు, ఒకే చేప: ఎడిటింగులో అది కథ అవుతుంది. రెండు నిమిషాలు వదలకుండా వెంటపడి తీసిన చేప తోక ఏ కథా చెప్పదు.

కెమెరా చేతిలో ఉంటే గాలి చూసుకోవడం మర్చిపోవడం సహజం, కాబట్టి ఒక నియమం పెట్టుకోవాలి: ప్రతి క్లిప్పు ఆపగానే ముందు గాలి చూపించే గేజ్, తర్వాత బడ్డీ, ఆ తర్వాతే తెర. పైకి వచ్చే ముందు 5 మీటర్ల దగ్గర ఆగే మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో క్లిప్పులు చూసుకోవాలనే కోరికను అణచుకోండి, లోతు జారిపోయేది అక్కడే.

శబ్దం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హౌసింగులో మైకు మూసుకుపోతుంది, మీ బుడగల గురగుర తప్ప ఏమీ వినపడదు.

పోటీలో ఉన్న వాటిలో డీజేఐ ఓస్మో యాక్షన్ 5 ప్రో హౌసింగ్ లేకుండానే 20 మీటర్లు తట్టుకుంటుంది, హౌసింగుతో 60. తొలి సీల్ పొరపాటుకు కెమెరా బలికాకుండా ఉండాలంటే ఇది నిజంగా పెద్ద ధైర్యం. గోప్రో వైపు మొగ్గు చూపించడానికి కారణం, దానికి సరిపోయే ఫిల్టర్లు, మాక్రో లెన్సులు, ట్రేలు తయారు చేసేవాళ్లు ఎక్కువ.

డైవ్ అయ్యాక హౌసింగును తెరవకుండా మంచినీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టి, రెండు బటన్లనూ పదేసిసార్లు నొక్కండి. బటన్ కింద ఉప్పు గడ్డకడితే మరుసటి డైవ్‌లో అది లోపలే ఇరుక్కుపోతుంది. పడవ మీద అందరి సామానూ వేసే తొట్టిలో వదిలేయకండి, ఇంకొకరి బరువైన కెమెరా తగిలి అద్దం గీతలు పడుతుంది. తుడిచాక తలుపు నేలవైపు ఉండేలా పట్టుకుని తెరవండి, అంచున మిగిలిన చుక్కలు కెమెరా మీద పడకుండా. దాచేటప్పుడు గొళ్లెం బిగించవద్దు. నెలల తరబడి బిగించి ఉంచితే సీల్ నొక్కుకుపోయి, తర్వాత ఎంత శుభ్రం చేసినా సరిగ్గా అతకదు.